‘ఇస్కూలు’ అన్నందుకు నవ్వకండి



మన పల్లెటూళ్ళలోని ఇళ్ళలో ఒక భయం కాపురం పెట్టింది. అది ఇంగ్లీషు భయం. తెలంగాణలో 2022-23 విద్యా సంవత్సరం నుండి సర్కారు బడులలో కూడా 1 నుండి 8 తరగతుల వరకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టారు. అంతకుముందు ఫీజులు కట్టి ప్రైవేటు బడికి పంపిన ఇళ్ళలోనే ఉన్న ఈ బెంగ ఇప్పుడు కూలిపనికి వెళ్ళే తల్లిదండ్రుల గడపలోకి కూడా వచ్చింది. క్లాసులో ఒక మాట తప్పు పలికితే తోటి పిల్లలు నవ్వుతారు. నవ్వులపాలైన బిడ్డ మర్నాటి నుండి నోరు విప్పడు. బడిలో తల్లిదండ్రుల మీటింగు అంటే తల్లి ఏదో ఒక పని చెప్పి ఇంటివద్దనే ఉండిపోతుంది. “అక్కడ ఇంగ్లీషులో అడిగితే నేనేం చెప్పేది?” అని ఆమె దిగులు.

అందుకని ఈ నెల ఈ శీర్షికలో ఇంగ్లీషు మాటలను కొంచెం దగ్గరగా చూద్దాం. పెద్ద పెద్ద మాటలు కాదు, రోజూ మన నోటిలో నానే పేర్లు. దూరం నుండి చూస్తే కోటలాగా కనిపించే ఈ భాష, దగ్గరకు వెళ్ళి చూస్తే మన పెంకుటిల్లు వంటిదే. ఒక గోడ అత్తగారు కట్టించింది, ఒక వసారా కోడలు దించింది, ఒక దూలం పొరుగింటి నుండి తెచ్చింది.

ముందుగా శామీర్‌పేట దాటి, కరీంనగర్ వెళ్ళే రోడ్డు మీద ఉన్న అలియాబాద్ చౌరస్తాలో ఉదయం పూట నిలబడదాం. అక్కడ చెవిన పడే మాటలు మూడే మూడు తీసుకుందాం. బస్సు, కంపెనీ, వ్యాక్సిన్.

బస్సు అనేది పూర్తి మాట కాదంటే మీరు నమ్ముతారా? లాటిన్ భాషలో ‘ఓమ్నిబస్’ అంటే ‘అందరి కొరకు’ అని అర్థం. 1829లో లండన్ నగరంలో జార్జి షిల్లిబీర్ అనే ఆయన గుర్రాలు లాగే పెద్ద బండిని ఈ పేరుతో నడిపాడు. డబ్బిచ్చిన వారెవరైనా ఎక్కవచ్చు గనుక ఆ పేరు. జనం నోటికి అది పొడవైంది. తల తీసేసి తోక మిగుల్చుకున్నారు. ‘ఓమ్ని’లో ‘అందరు’ అనే అర్థముంది. ‘బస్’ కేవలం విభక్తి ప్రత్యయం. అంటే ‘అందరికొరకు’ అనే మాటలో ‘అందరి’ని పారేసి, ‘కొరకు వచ్చింది, కొరకు ఎక్కుదాం’ అన్నట్లు! మన తెలుగు పిల్లవాడు ఇలా అంటే వ్యాకరణం రాదని మొట్టికాయ పడేది. ఇంగ్లీషులో అదే ప్రపంచమంతా చెల్లుతోంది.

రెండవది కంపెనీ. అలియాబాద్ నుండి తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీలో మందుల కంపెనీలు, టీకాల కంపెనీలు ఉన్నాయి గదా. “మా వాడు కంపెనీకి పోతున్నాడు” అని ఆ చుట్టుపక్కల ఇళ్ళలో చెప్పుకుంటారు. లాటిన్‌లో ‘పానిస్’ అంటే రొట్టె. ‘కమ్’ అంటే కూడా, కలిసి. కలిసి రొట్టె తినేవారు ‘కంపానియన్’లు. అలాంటి వారి గుంపు కంపెనీ. ఒకే రొట్టెను పంచుకొనే బల్ల దగ్గరకు వచ్చే మనకు ఈ మాట వినగానే ప్రభురాత్రి భోజనం గుర్తుకు రావాలి. జీతం కోసం వెళ్ళేచోటు పేరులో సహవాసం దాగి ఉంది.

మూడవది వ్యాక్సిన్. కోవాక్సిన్ టీకాను తయారుచేసిన భారత్ బయోటెక్ ఈ జీనోమ్ వ్యాలీలోనిదే. 2021లో ఆ టీకా వేయించుకున్నవారు మన సంఘాలలో ఎందరో ఉన్నారు. లాటిన్‌లో ‘వాక్కా’ అంటే ఆవు. ఆవులకు వచ్చే మశూచి సోకిన పాలపిల్లకు మనుష్యుల మశూచి సోకడంలేదనే పల్లెటూరి మాట ఆధారంగా, 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ అనే ఇంగ్లీషు వైద్యుడు టీకాను కనిపెట్టాడు. ఆవు నుండి వచ్చింది గనుక దానికి ఆవు పేరే నిలిచింది. ఇక మనం అనే ‘టీకా’కు మూలం హిందీలో బొట్టు, గుర్తు అని అర్థం. సూది గుచ్చినచోట మచ్చ పడుతుంది గదా! ఎంతో పెద్ద శాస్త్రం, దాని పేరు మాత్రం పశువుల కొట్టంలో పుట్టింది.

ఇవి కత్తిరింపులు, అతుకులు. ఇక అచ్చమైన తప్పులే ఒప్పులైన మాటలు కొన్ని చూద్దాం.

ఆసుపత్రిలో నర్సు కట్టుకొనే ‘ఏప్రన్’ ఒకప్పుడు ‘నేప్రన్’. ఇంగ్లీషులో ‘ఒక’ అనడానికి ముందు ‘ఎ’ గాని ‘ఏన్’ గాని చేర్చుతారు. ‘ఎ నేప్రన్’ అని పెద్దలు అంటుంటే, విన్నవారికి ‘ఏన్ ఏప్రన్’ అని వినిపించింది. వెనుక మాటలోని ‘న’ వచ్చి ముందు మాటకు అంటుకుంది. వినడంలో జరిగిన పొరపాటు నిఘంటువుకు ఎక్కింది. బఠాణీ గింజను ఇంగ్లీషులో ‘పీ’ అంటారు. పూర్వం ఒక్క గింజనైనా ‘పీజ్’ అనేవారు. చివర ‘జ్’ వినబడేసరికి అది బహువచనమని భ్రమపడి, ఏకవచనం కోసం దాన్ని కోసేశారు.

మన పిల్లలు ‘చిల్డ్రన్స్’ అంటే టీచరు కోప్పడతారు. ‘చిల్డ్రన్’ అంటేనే బహువచనం, మళ్ళీ ‘స్’ ఎందుకని. ఆ కోపం న్యాయమే. కాని అసలు ‘చిల్డ్రన్’ అన్న మాటే రెండుసార్లు బహువచనం చేసింది. ‘చైల్డ్’కు పాతకాలపు బహువచనం ‘చిల్డర్’. అది చాలలేదని, ఎద్దును ‘ఆక్స్’ అని ఎడ్లను ‘ఆక్సెన్’ అన్నట్లుగా, దాని మీద మరొక ప్రత్యయం తగిలించారు. ఈ పని చేసినవారు చదువులేనివారని అనుకుంటే, పండితులూ తప్పించుకోలేదు. హెబ్రీ భాషలో ‘కెరూబ్’ ఏకవచనం, ‘కెరూబీం’ బహువచనం. 1611లో వెలువడిన కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిలులో ‘కెరూబీం’కు మళ్ళీ ‘స్’ చేర్చి ముద్రించారు. మన తెలుగు బైబిలు చక్కగా ‘కెరూబులు’ అంది. ఒక్కసారే బహువచనం!

మనకు మాత్రం తిరకాసులు లేవా? ఎద్దు–ఎడ్లు, కన్ను–కళ్ళు, ఇల్లు–ఇళ్ళు. ఏ సూత్రం చెప్పి నేర్పుతాము? గ్లాసెడైనా, బిందెడైనా పాలు ‘పొంగాయి’ అంటామేగాని ‘పొంగింది’ అనము. నీళ్ళు కూడా అంతే. ఇంగ్లీషువారు పాలను, నీళ్ళను ఏకవచనంలో చెప్పి, ఒక్క కత్తెరను, ఒక్క ప్యాంటును బహువచనంలో చెబుతారు. ఎవరి అలవాటు వారిది. అలవాటు తెలియకపోవడం తెలివితక్కువతనం కాదు.

ఇక్కడ చరిత్ర కూడా కొంచెం తెలుసుకోవాలి. ఇంగ్లీషు ఎప్పుడూ దొరల భాష అని మనమనుకుంటాము. 1066లో ఫ్రాన్సు దేశపు నార్మండీ నుండి విలియం అనే ప్రభువు సేనలతో వచ్చి ఇంగ్లాండును జయించాడు. ఆ తరువాత చాలాకాలం రాజు కొలువులో, కోర్టులలో ఫ్రెంచి భాషే చెలామణి అయింది. ఇంగ్లీషు గొల్లవాని భాష, దున్నేవాని భాష. దానికి గుర్తు ఇప్పటికీ మన మార్కెట్టులో వినిపిస్తుంది. మందలో నడిచే గొర్రెను ‘షీప్’ అంటారు. అది కాపరి మాట. దాని మాంసాన్ని ‘మటన్’ అంటారు. అది ఫ్రెంచి నుండి వచ్చిన మాట. మేపినవాడు ఒక భాష, బల్ల దగ్గర కూర్చొని తిన్నవాడు ఒక భాష. చివరకు 1362లో కోర్టులలో వాదనలు ఇంగ్లీషులో జరగాలని చట్టం చేశారు, ఎందుకంటే సామాన్యులకు ఫ్రెంచి తెలియదు. తన గురించి కోర్టులో ఏమి మాట్లాడుతున్నారో తెలియక నిలబడిన ఆనాటి ఇంగ్లీషు రైతుకు, బడి మీటింగుకు వెళ్ళడానికి జంకే మన తల్లికి ఎంత దగ్గరితనం!

ఆ బీదవారి ఇంగ్లీషులోనే ‘లార్డ్’ అనే మాట పుట్టింది. మనం ప్రభువు అని అనువదించుకొనే ఈ మాటకు మూలరూపం ‘హ్లాఫ్‌వేర్డ్’, అంటే రొట్టెను కాపాడేవాడు. ‘లేడీ’ అంటే రొట్టె పిండి పిసికే ఆమె. రాజసభలో పుట్టాయనుకొనే ఈ రెండు మాటలకు వంటింటి వాసన ఉంది. రొట్టె ఇల్లు అని అర్థమిచ్చే బేత్లెహేములో పుట్టి, తానే జీవాహారమని చెప్పిన మన ప్రభువుకు ఆ పేరు ఎంత అమరిందో చూడండి.

ఈ భాషలో దేవుని వాక్యం ఉండడం తగదని కూడా ఒకప్పుడు తలంచారు. ఇంగ్లాండులో బిషప్పుల అనుమతి లేకుండా లేఖనాలను ఇంగ్లీషులోకి మార్చడం నేరం. విలియం టిండేల్ అనే దైవజనుడు, నాగలి పట్టే కుర్రవానికి కూడా లేఖనాలు తెలియాలని పట్టుబట్టాడు. స్వదేశంలో వీలుకాక బయటకు వెళ్ళి, 1526లో జర్మనీలోని వర్మ్స్ పట్టణంలో క్రొత్త నిబంధనను అచ్చువేయించాడు. చివరకు ఆయనను పట్టుకొని, 1536లో గొంతు నులిమి, దేహాన్ని కాల్చివేశారు.

హెబ్రీ మాటలకు ఇంగ్లీషులో సరైన మాట దొరకనప్పుడు టిండేల్ ఏమి చేశాడు? పల్లెటూరి వడ్రంగి చేసే పనే చేశాడు. ఉన్న చెక్కలు అతికాడు. ‘పాస్’ అంటే దాటు, ‘ఓవర్’ అంటే మీదుగా. మనం పస్కా అనే పండుగకు ‘పాసోవర్’ అని పేరు పెట్టాడు. లేవీయకాండము 16వ అధ్యాయంలో ప్రజల పాపాలు మోసుకొని అరణ్యంలోకి వెళ్ళిపోయే మేక ఉంది గదా, ‘తప్పించుకొను’, ‘మేక’ అనే రెండు మాటలు కలిపి దానిని ‘స్కేప్‌గోట్’ అన్నాడు. ఇప్పుడు ఇంగ్లీషు పత్రికలవారు ఇతరుల నేరం మోసినవానికి ఆ మాట వాడుతుంటారు, మనం బలిపశువు అన్నట్లు. అన్నిటికంటె లోతైనది ‘అటోన్‌మెంట్’. మనం ప్రాయశ్చిత్తము అంటాము. అందులో ఉన్నవి ‘ఎట్’, ‘వన్’ అనే చిన్నపిల్లల మాటలే. ‘ఒక్కటిగా ఉండడం’ అని అర్థం. అంతకుముందు అరుదుగా వినబడే ఆ మాటకు లేఖనంలో చోటిచ్చి స్థిరపరచినవాడు టిండేల్. దూరమైన మనుష్యుడు దేవునితో ఒక్కటి కావడమనే మహా సత్యాన్ని ఒకటో తరగతి మాటలతో చెప్పాడు.

మన తెలుగుకు కూడా అటువంటి సేవ జరిగింది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ వారు జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజ్ అనే ఇద్దరిని విశాఖపట్నం పంపారు. వారు తెలుగు నేర్చుకొని, ఆనందరాయర్ అనే విశ్వాసి సహాయంతో సువార్తల అనువాదం మొదలుపెట్టారు. 1809లో ఒకరు, 1810లో మరొకరు ప్రభువునందు నిద్రించారు. వారి చేతి పని 1812లో శ్రీరాంపూరులో అచ్చయింది. పరాయివారు మన మాటలు తప్పులతో పలుకుతూనే నేర్చుకొని, మనకు సువార్త తెచ్చారు. ఆనాడు మనవారు నవ్వి తరిమివేసి ఉంటే?

మన మాటలు కూడా ఇంగ్లీషులో చేరి కూర్చున్నాయని పిల్లలకు చెప్పండి. పొలం గట్లలో బొరియలు చేసే పందికొక్కు ఉందే, అదే ఇంగ్లీషులో ‘బాండికూట్’. తెల్లవారు ఇక్కడ విని పట్టుకుపోయిన తెలుగు మాట అది. పైగా దానిని ఆస్ట్రేలియా వరకు మోసుకెళ్ళి, పందికొక్కుతో ఏ బంధుత్వమూ లేని వేరొక జంతువుకు తగిలించారు! ముందుగదిలో ఉండే ‘టీపాయ్’కి టీతో సంబంధం లేదు. హిందీ ‘తిపాయి’ అంటే మూడు కాళ్ళది, మన ముక్కాలిపీట. టీ కప్పులు పెడతారు గనుక అందులో టీ ఉందనుకున్నారు. ఇక మనం తెచ్చుకున్నవాటికి లెక్కలేదు. మేస్త్రి, బొత్తాము, పాదిరి పోర్చుగీసు నుండి వచ్చాయి. కుర్చీ అరబ్బీది. అలియాబాద్ పేరు చివర ఉన్న ‘ఆబాద్’ జనం నివసించే చోటు అని చెప్పే పారసీ మాట. పక్కనే శామీర్‌పేటలో ‘పేట’ మనది. ఇలా కలిసిపోయిన మాటల కోసమే సి.పి. బ్రౌన్ దొర 1854లో ప్రత్యేకంగా ఒక నిఘంటువు అచ్చువేయించాడు. అరువు తెచ్చుకోని భాష లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మన పెద్దలు చాలామంది స్కూలును ‘ఇస్కూలు’ అంటారు. స్టేషను ‘ఇస్టేషను’ అవుతుంది. చదువుకున్న పిల్లలు అది విని తాతను, అవ్వను వెక్కిరిస్తారు. ఆ పిల్లలకు ఈ సంగతి చెప్పండి. స్పెయిన్ దేశస్థులు బడిని ‘ఎస్కువేలా’ అంటారు. ఇంగ్లాండుకు ఆనుకొనే ఉన్న వేల్సు ప్రజల భాషలో అది ‘అస్గోల్’. మాట మొదట్లో ‘స్క’ ‘స్ట’ వస్తే, ముందు ఒక చిన్న అచ్చు తగిలించుకోవడం మానవుల నాలుకకు సహజమే. ఇంగ్లీషులో ‘స్టేట్’, ‘ఎస్టేట్’ అని రెండు మాటలున్నాయి గదా, రెండూ ఒకే లాటిన్ మాట నుండి వచ్చాయి. రెండవది ఫ్రెంచివారి నోట ‘ఇస్కూలు’ పద్ధతిలో మారి వచ్చింది. అంటే అవ్వ పలికిన తీరుకు ఇంగ్లీషు నిఘంటువులోనే చుట్టాలున్నారు. ఇంకొక చిత్రం, ‘స్కూలు’కు మూలమైన గ్రీకు మాటకు తీరిక, విశ్రాంతి అని అర్థం. మన పిల్లలకు అది వణుకు పుట్టించే చోటు కాకూడదు.

పలుకును బట్టి మనిషిని తూచడం ఎంత ఘోరానికి దారితీస్తుందో లేఖనమే చూపించింది. న్యాయాధిపతులు 12వ అధ్యాయం చదవండి. యొర్దాను రేవుల దగ్గర గిలాదువారు కాపుకాసి, దాటడానికి వచ్చిన ప్రతివానిని ‘షిబ్బోలెతు’ అనమన్నారు. ఎఫ్రాయిమువారికి ‘ష’ పలకదు. ‘సిబ్బోలెతు’ అన్నవానిని పట్టుకొని చంపారు. 42,000 మంది కూలారు. ఆ మాటకు అర్థమేమిటో తెలుసా? ధాన్యపు వెన్ను అని చెబుతారు. ప్రవాహం అనే అర్థమూ ఉంది. అన్నం పెట్టే కంకి పేరు అన్నదమ్ముల గొంతులు కోసే కత్తి అయింది. ఇరుపక్షాలవారూ ఇశ్రాయేలీయులే సుమా! ఈ ‘షిబ్బోలెతు’ కూడా ఇంగ్లీషు నిఘంటువులో చేరింది. మనవాడా, పరాయివాడా అని తేల్చే పరీక్షమాట అని దాని అర్థం.

పేతురును కూడా ప్రధానయాజకుని ఇంటి ముంగిట పలుకును బట్టే గుర్తుపట్టారు. గలిలయవాని యాస దాగలేదు. ఆ యాసగల నోటితోనే ఆయన పెంతెకొస్తు దినాన ప్రసంగించాడు. ఆ దినాన పరిశుద్ధాత్ముడు ప్రజలందరిని ఒకే భాష మాట్లాడమని ఆజ్ఞాపించలేదు. ఎవరి సొంత భాషలో వారు దేవుని గొప్ప కార్యములు విన్నారు.

ప్రియులారా, ఇంగ్లీషు నేర్చుకోవద్దని నేననడంలేదు. తప్పక నేర్చుకోవాలి. ఉద్యోగానికి, ఆసుపత్రికి, ప్రయాణానికి అక్కరకు వచ్చే పనిముట్టు అది. కాని పనిముట్టు పట్టడం రానివానిని చూసి ఎవరూ నవ్వరు, పట్టుకొని చూపిస్తారు. మీ ఇంట్లో ఇలా చేసి చూడండి. రాత్రి భోజనాల దగ్గర బడినుండి వచ్చిన బిడ్డ ఆ రోజు నేర్చుకున్న ఒక ఇంగ్లీషు పేరు చెప్పాలి. అవ్వగాని, తాతగాని అదే వస్తువుకు మన ఊరి మాట చెప్పాలి. బిడ్డ తప్పు పలికితే నవ్వకుండా ఒక్కసారి ఒప్పు చెప్పి ఊరుకోండి. అవ్వ ‘ఇస్కూలు’ అంటే బిడ్డ నవ్వకూడదు. ఇద్దరూ నేర్చుకుంటారు, ఒకరినొకరు గౌరవిస్తారు. తల్లులారా, బడి మీటింగుకు వెళ్ళండి. తెలుగులోనే అడగండి. మీ బిడ్డ గురించి మీకంటె ఎక్కువ తెలిసినవారు ఆ గదిలో ఎవరూ ఉండరు. సంఘంలో యౌవనస్థులు కూడా, తడబడుతూ వాక్యం చదివే పెద్దలను చూసి మోచేతులతో పొడుచుకొని నవ్వడం మానాలి. అది మన రేవు దగ్గర మనం పెట్టిన షిబ్బోలెతు.

సెలవు తీసుకొనేముందు ఒక మాట. బడి వదలగానే పిల్లలు చేతులూపుతూ చెప్పే ‘గుడ్ బై’లో గుడ్ ఏమీ లేదు. ‘దేవుడు నీతో ఉండును గాక’ అనే ఇంగ్లీషు వాక్యం నలిగి, కుదించుకుపోయి ఆ రెండు ముక్కలు మిగిలాయి. ఎంత నలిగినా దీవెన దీవెనే. మన ప్రార్థనలూ అంతే. తడబడిన మాటలను మన తండ్రి వినకుండా పోడు.

దేవుడు మీతోను, మీ బిడ్డలతోను ఉండును గాక. ఆమేన్.